వలస మనిషి నగరంలో కుదురుకోవటం: 'ది లోన్లీ లండనర్స్' నవల పరిశీలన

1

వలస జీవితం మీద వచ్చిన కథనో నవలనో చేతికి తీసుకున్నప్పుడు మన విమర్శ సాధారణంగా ఒకే ప్రశ్నతో మొదలవుతుంది: వదిలివచ్చిన ఊరి మీద ఈ పాత్రకు ఎంత బెంగ ఉంది? బెంగ చిక్కగా ఉంటే రచన ఆర్ద్రంగా ఉందంటాం. పల్చగా ఉంటే రచయిత తన మూలాలు మరిచిపోయాడంటాం. విశ్వవిద్యాలయాల్లో 'డయాస్పోరా సాహిత్యం' అనే మాట స్థిరపడిన తరవాత ఈ అలవాటు మరింత ముదిరింది. కంప్యూటర్ ఉద్యోగం మీద అమెరికా వెళ్ళిన ఇంజనీరునూ, దుబాయిలో ఇటుకలు మోసే కరీంనగర్ కూలీనీ, భీవండి మరమగ్గాల మీద పనిచేసే పద్మశాలీనీ మనం ఒకే గాటన కట్టేస్తున్నాం. బెంగ ముగ్గురికీ ఉండవచ్చు. కాని ముగ్గురినీ ఊరు దాటించిన శక్తులు వేరు. ముగ్గురికీ నగరంలో దొరికిన చోటు వేరు.

అందుచేత వలస సాహిత్యాన్ని అడగవలసిన మొదటి ప్రశ్నలు మరికొన్ని ఉన్నాయి. ఈ మనిషిని రమ్మన్నది ఎవరు? ఏ పని కోసం? వచ్చిన మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నాడు? గదికి అద్దె ఎంత, ఆ గది ఇవ్వటానికి ఎందరు నిరాకరించారు? పది సంవత్సరాల తరవాత 'నేను ఈ ఊరివాణ్ణి' అని అతను అనగలుగుతున్నాడా? అనలేకపోతే అది అతని మనసులోని లోపమా, ఆ ఊరి నిర్మాణంలోని లోపమా?

ఈ ప్రశ్నలకు పుస్తకాల రూపంలో సమాధానం వెతికితే, 1956లో లండన్‌లో అచ్చయిన శామ్ సెల్వన్ నవల 'ది లోన్లీ లండనర్స్' దగ్గర ఆగక తప్పదు. చిన్న నవల. కథ అనదగింది పెద్దగా లేదు. వెస్ట్ ఇండీస్ దీవులనుంచి బతుకుతెరువు కోసం లండన్ చేరిన కొందరు నల్లవాళ్ళు చలికాలం గడుపుతారు, వేసవి గడుపుతారు, ఆదివారం పొద్దున ఒకరి గదిలో చేరి కబుర్లు చెప్పుకుంటారు. అంతే. అయినా, వలస కూలీ ఒక మహానగరంలో 'కుదురుకోవటం' అంటే ఏమిటో అంత నిశితంగా చూపిన నవలలు అరుదు. అలాగే, తాను చూపినదాని అర్థాన్ని తానే పూర్తిగా గుర్తించని నవలలు కూడా అరుదు. ఈ రెండు మాటలనూ నిరూపించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

2

సెల్వన్ 1923లో ట్రినిడాడ్‌లోని శాన్ ఫెర్నాండోలో పుట్టాడు. తండ్రి వైపు మూలాలు మద్రాసువి. తల్లి వైపు స్కాచ్ రక్తం ఉంది. ఆ మద్రాసు సంగతి తెలుగు పాఠకుడు కొంచెం ఆగి చూడదగినది. బానిసత్వం రద్దయిన తరవాత చెరకు తోటల యజమానులకు చవక కూలీలు కావలసివచ్చి, బ్రిటిష్ ప్రభుత్వం ఇండియానుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో పంపింది. ట్రినిడాడ్‌కు మొదటి ఓడ 'ఫతేల్ రజాక్' 1845 మే 30న చేరింది. కలకత్తా రేవు నుంచి వెళ్ళినవారే అత్యధికులు. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారిలో తమిళులూ ఉన్నారు, తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ అందరికీ కలిపి 'మద్రాసీలు' అనే ఒక్క పేరు. అలా తోటల మీదికి వచ్చిన భారతీయులకూ, అంతకుముందు ఆ తోటల్లోనే బానిసలుగా మగ్గిన ఆఫ్రికన్ సంతతికీ మధ్య కూలి రేట్ల దగ్గర పోటీ పెట్టి పబ్బం గడుపుకోవటం వలస పాలకులకు అలవాటు.

ఈ చరిత్ర నుంచి వచ్చిన సెల్వన్ 1950లో లండన్ చేరాడు. అదే ఓడలో బార్బడోస్ రచయిత జార్జ్ లామింగ్ కూడా ఉన్నాడు. ఆరు సంవత్సరాల తరవాత రాసిన నవలకు సెల్వన్ నాయకుడిగా ఎన్నుకున్నది తనలాంటి భారత సంతతివాణ్ణి కాదు, మోజెస్ అనే నల్లవాణ్ణి. దీవిలో పాలకులు గీసిన గీతను అతని కలం లండన్‌లో దాటింది. లండన్ ఇంటి యజమాని దృష్టిలో ఇద్దరూ ఒక్కటే కాబట్టి ఆ దాటటం సులువయిందని ఎవరైనా అనవచ్చు. అయినా రచయితగా అది అతని ఎంపికే.

ఇక వీళ్ళను రమ్మన్నది ఎవరు? రెండవ ప్రపంచయుద్ధం తరవాత బ్రిటన్‌లో పనివాళ్ళ కొరత ఏర్పడింది. బస్సులు నడపాలి, రైళ్ళు నడపాలి, ఆస్పత్రులు కడగాలి, ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టులు నిలబెట్టాలి. 1948లో వచ్చిన జాతీయతా చట్టం వలసదేశాల ప్రజలను 'యునైటెడ్ కింగ్‌డమ్, వలసల పౌరులు'గా గుర్తించింది. అదే సంవత్సరం జూన్ 22న 'ఎంపైర్ విండ్‌రష్' అనే ఓడ టిల్బరీ రేవులో వెస్ట్ ఇండియన్లను దించింది. నవల అచ్చయిన 1956లోనే లండన్ రవాణా సంస్థ బార్బడోస్‌లో నేరుగా పనివాళ్ళను చేర్చుకోవటం మొదలుపెట్టింది. అంటే చట్టం ప్రకారం వీళ్ళు పరాయి దేశస్థులు కారు. తమ రాజధానికి తాము వస్తున్నామనే నమ్మకంతో వచ్చినవాళ్ళు. వాళ్ళు దిగిన ఊళ్ళో మాత్రం పెట్టుబడికి కావలసింది చేతులు. ఆ చేతులతోపాటు మనిషి కూడా వస్తాడనీ, అతనికి గది కావాలనీ, ఆకలి వేస్తుందనీ, స్నేహం కావాలనీ ఆ ఏర్పాటులో ఎక్కడా రాసిలేదు. సెల్వన్ నవల వస్తువంతా ఈ రాయని భాగమే.

3

నవల ఎత్తుగడలో చలికాలపు సాయంత్రం, పొగమంచు. మోజెస్ బస్సెక్కి వాటర్లూ స్టేషన్‌కు బయలుదేరుతాడు, ఎవరో తెలిసినవాళ్ళు పంపిన ముక్కూ మొహం ఎరగని మనిషిని దించుకోవటానికి. వెళ్ళటం ఇష్టం లేదు. కాని వెళతాడు. దీవులనుంచి వచ్చేవాళ్ళందరికీ మోజెస్ చిరునామా చేతికిచ్చి పంపటం ఆనవాయితీ అయిపోయింది. ప్రభుత్వం చేయవలసిన పని ఒక రాత్రి షిఫ్టు కార్మికుడు తన గదిలో, తన గ్యాస్ మీటరులో తన నాణేలు వేసుకుంటూ చేస్తున్నాడన్నమాట. బొంబాయిలోనో సూరత్‌లోనో ముందు చేరిన ఊరివాడి గదే తరవాత వచ్చేవాళ్ళందరికీ సత్రం కావటం మన పాలమూరు, శ్రీకాకుళం కుటుంబాలకు కొత్త సంగతి కాదు.

స్టేషన్‌లో దిగినవాడి పేరు హెన్రీ ఆలివర్. మోజెస్ అతనికి సర్ గాలహడ్ అని పేరు పెడతాడు. సామాను లేదు. వంటి మీద ఉష్ణదేశపు పల్చటి సూటు. పైగా చలి లేదంటాడు! మోజెస్ సహాయం అక్కర్లేదనీ, తన దారి తాను చూసుకోగలననీ బీరాలు పలుకుతాడు. మర్నాడు ఒంటరిగా వీధిలోకి వెళ్ళి, ఎటు పోవాలో తెలియక నిలబడిపోతాడు. ఉన్నట్టుండి భయం కమ్ముకుంటుంది. నిలబడ్డందుకు పోలీసు వచ్చి కదలమంటాడు. ఆ ఘట్టం చిన్నదే. కాని నగరం కొత్తవాడితో మాట్లాడే మొదటి మాట 'ఎవరు నువ్వు' అని కూడా కాకుండా 'ఇక్కడ నిలబడకు' అని కావటం ఎంత సూక్ష్మమైన పరిశీలనో పాఠకులు గమనించాలి.

ఆ తరవాత ఉద్యోగాల కార్యాలయం. అక్కడి కాగితాల మీద మనిషి ఏ దీవివాడో, ఏ రంగువాడో తెలిపే పొడి అక్షరాల గుర్తు ఒకటి ఉంటుందని మోజెస్ గాలహడ్‌కు వివరిస్తాడు. ఖాళీ ఉన్న చోటికి పంపించి తిప్పికొట్టించుకునే శ్రమ లేకుండా ముందే చేసుకున్న ఏర్పాటు అది. ఎవరూ కోపంగా మాట్లాడరు. ఎవరూ తిట్టరు. గుమస్తా మర్యాదగానే ఉంటాడు. వివక్ష గుమస్తా మనసులో ఉందా లేదా అన్న చర్చ అనవసరం, అది ఫైలులో ఉంది. మోజెస్‌కు రైల్వే యార్డులో ఉద్యోగం పోయిన వైనం ఇంతకన్నా బాధాకరమైనది. అతన్ని తీసెయ్యకపోతే సమ్మె చేస్తామని తోటి కార్మికులే పట్టుబట్టారు. కార్మికవర్గ ఐక్యత గురించి రాసే మనబోటివాళ్ళు ఈ రెండు వాక్యాల ఉదంతాన్ని దాటవేయకూడదు. యజమాని చేతికి మట్టి అంటకుండా కార్మికుడి చేతనే కార్మికుణ్ణి గెంటించటం వలసవాదం శ్రామికవర్గంలోకి ఎంత లోతుగా దిగిందో చెబుతుంది.

ఒక పోలిష్ హోటల్ యజమాని నల్లవాళ్ళకు తిండి పెట్టటానికి నిరాకరించిన ప్రస్తావన కూడా ఉంది. ఈ దేశం మీద ఆ యజమానికి తమకన్నా ఎక్కువ హక్కేముందని మోజెస్ వాదన. చరిత్ర తెలిసినవారికి ఇందులో బలం కనిపిస్తుంది. యుద్ధం తరవాత పోలెండు సైనికులు బ్రిటన్‌లో స్థిరపడటానికి 1947లో ప్రత్యేకంగా ఒక పునరావాస చట్టమే చేశారు. వాళ్ళకు శిబిరాలూ, ఏర్పాట్లూ ఉన్నాయి. బ్రిటిష్ పౌరసత్వం చేతిలో ఉన్న ట్రినిడాడ్ వాడికి మోజెస్ గది ఉంది. మోజెస్ ఆ పోలిష్ యజమానిని ద్వేషించటం న్యాయమా కాదా అన్నది వేరే సంగతి. కడుపు కాలినవాడికి ఎదురుగా కనిపించేది హోటల్ తలుపే, పార్లమెంటు కాదు.

4

ఈ నగరంలో మనిషి ఎలా కుదురుకుంటాడు? నవల నాలుగైదు మార్గాలు చూపుతుంది. హారిస్ అనేవాడు ఆంగ్లేయ పెద్దమనిషి వేషం కడతాడు. టోపీ, గొడుగు, జేబులో 'టైమ్స్' పత్రిక. నడకా మాటా అన్నీ దించేశాడు, ముఖం మాత్రం దించలేకపోయాడు. బార్ట్ చర్మం కాస్త తేలిక రంగు కాబట్టి తాను లాటిన్ అమెరికా వాడినని చెప్పుకుంటాడు. ఒక తెల్లపిల్ల తండ్రి అతన్ని ఇంట్లోంచి గెంటిన తరవాత ఆ పిల్ల కోసం ఊరంతా వెతుకుతాడు. లా చదవటానికి నైజీరియానుంచి వచ్చిన కాప్ చదువు గాలికొదిలి, అప్పుల మీద, అబద్ధాల మీద గదులు మారుస్తూ బతుకుతాడు. ఆకలికి తన కిటికీ దగ్గర వాలిన సముద్రపక్షులను పట్టి వండుకుంటాడు. గాలహడ్ పార్కులో పావురాన్ని పట్టుకున్న రోజు కూడా ఉంది. పావురాలకు గింజలు వేసే నగరం పస్తులున్న మనిషిని చూడదు, అతను పావురాన్ని పట్టుకుంటే మాత్రం చూస్తుంది. ఈ ఘట్టాలు చదువుతుంటే నవ్వు వస్తుంది. నవ్వి ముగించేలోపల నవ్వినందుకు ఇబ్బంది కలుగుతుంది. సెల్వన్ హాస్యం స్వభావమే అది.

వీళ్ళందరిలో మోజెస్ నగరాన్ని నేర్చుకున్నవాడు. ఏ వీధిలో గది ఇస్తారు, ఎక్కడ చవగ్గా మాంసం దొరుకుతుంది, ఏ పని ఎన్నాళ్ళుంటుంది, అన్నీ తెలుసు. సుమారు పది సంవత్సరాల చదువు అది. కాని ఆ తెలివి వల్ల అతను కుదురుకోలేదు. నియమాలు నేర్చుకున్నాడు, ఆ నియమాలు అతనికి బయటివాడి స్థానాన్నే ఇచ్చాయి. నవల చివర థేమ్స్ నది ఒడ్డున నిలబడి ఇన్నేళ్ళలో తాను ముందుకు కదిలిందెంత అని లెక్క చూసుకుంటే, ఆ లెక్క తేలదు. వెనక్కి పోదామనుకుంటాడు. పోడు. దీన్ని కొందరు విమర్శకులు ఆధునిక మానవుడి ఒంటరితనంగా వ్యాఖ్యానిస్తారు. నాకది సమ్మతం కాదు. మోజెస్ ఒంటరితనానికి గది అద్దె ఉంది, షిఫ్టు వేళలున్నాయి, కాగితం మీద గుర్తు ఉంది. వాటిని తీసేసి మిగిలినదానికి 'మానవుడి ఒంటరితనం' అని పేరు పెట్టటం నవలకు అన్యాయం చేయటమే.

ఇక్కడే టాంటీ పాత్రను జాగ్రత్తగా చూడాలి. టోల్‌రాయ్ అనే యువకుడు తల్లిని మాత్రమే రమ్మని రాస్తే స్టేషన్‌లో కుటుంబమంతా దిగుతుంది. అందులో టాంటీ అనే ముసలమ్మ ఒకతె. పత్రికా విలేఖరి ఫోటో తీయబోతే కుటుంబమంతా వరసగా నిలబడాలని హుకుం జారీ చేస్తుంది. వాళ్ళు హారో రోడ్ ప్రాంతంలో, కార్మికుల పేటలో కాపురం పెడతారు. ఆ వీధి కొసన కిరాణా దుకాణం. దుకాణంలో అరువు ఇచ్చినవాడు చిక్కి శల్యమైనట్టూ, నగదుకు అమ్మినవాడు బొద్దుగా ఉన్నట్టూ ఒక బొమ్మ. 'నేడు నగదు, రేపు అరువు' అనే బోర్డు చూసిన మనకు ఆ బొమ్మ అర్థం కావటానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. టాంటీ ఆ బొమ్మను లెక్కచేయదు. మా ఊళ్ళో సరుకు ముందు, శుక్రవారం డబ్బు అని చెప్పి, దుకాణదారుణ్ణి అరువుకు ఒప్పిస్తుంది. రొట్టె కాగితంలో చుట్టకుండా చేతికిస్తే ఊరుకోదు. క్యూ వెనక ఎందరున్నా నిలబడి మాటలు పెట్టుకుంటుంది. కొన్నాళ్ళకు ఆ పేటలో ఆమె ఎరగనివాళ్ళు లేరు.

మోజెస్ నగరం నియమాలు నేర్చుకున్నాడు. టాంటీ తన ఊరి నియమం ఒకదాన్ని తెచ్చి నగరానికి నేర్పింది. అరువు అంటే కేవలం డబ్బు వాయిదా కాదు. నువ్వు వచ్చే శుక్రవారం కూడా ఇక్కడే ఉంటావని దుకాణదారు నమ్మటం. వలస మనిషికి నగరం ఇవ్వనిది సరిగ్గా ఆ నమ్మకమే. ఇంటి యజమాని ఇవ్వలేదు, ఉద్యోగాల కార్యాలయం ఇవ్వలేదు. ఆ నమ్మకాన్ని ఒక ముసలామె పేదల పేటలో, పేద గిరాకీల మధ్య రాబట్టుకుంది. నవల మొత్తం మీద 'కుదురుకోవటం' అని నిస్సందేహంగా చెప్పదగిన సంఘటన ఇది ఒక్కటే. అది కార్మికుల పేటలో జరగటం యాదృచ్ఛికం కాదు.

5

ఇంత విలువైన సంగతిని చిత్రించిన రచయిత దాన్ని ఎలా వాడుకున్నాడు? హాస్యానికి వాడుకున్నాడు. టాంటీ వచ్చిన ప్రతిచోటా మనం నవ్వటానికి సిద్ధంగా ఉంటాం. మొదటిసారి భూగర్భ రైలెక్కిన ఆమె భయం, హారిస్ విందులో అతని పెద్దమనిషితనాన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తూ ఆమె చేసిన నాట్యం, ఇవన్నీ ముచ్చటగా ఉన్నాయి. కాని థేమ్స్ ఒడ్డున నిలబడి బతుకు అర్థం వెతుక్కునే అధికారం నవలలో మోజెస్‌కే ఉంది. ఆ అన్వేషణలో హారో రోడ్ దుకాణం అతనికి గుర్తు రాదు.

దీనికి కారణం నవల దృష్టికోణంలో ఉంది. ఇది మగవాళ్ళ గదిలోంచి కనిపించే లండన్. ఆ గదిలో ఆడవాళ్ళ గురించి వాడే మాటలు వంటికి సంబంధించినవే. వేసవి వర్ణనలో, విరామచిహ్నాలు లేకుండా కొన్ని పేజీల పొడవునా సాగే ప్రసిద్ధమైన ఒకే వాక్యంలో, నగరమూ ఆడవాళ్ళూ కలిసి వేటకు దొరికే వస్తువులవుతారు. తెల్లవాళ్ళ ఇళ్ళలోకి అడుగుపెట్టనివ్వని సమాజం మీద కసి, తెల్ల ఆడదాని మీద గెలుపుగా మారే మనస్తత్వం అక్కడ ఉంది. ఆ మనస్తత్వాన్ని రచయిత చూపటం తప్పు కాదు. దాని పక్కన నిలబడి ఒక్కసారైనా మరో వైపు నుంచి చూడకపోవటం లోపం.

లూయిస్, ఆగ్నెస్‌ల ఉదంతం ఇందుకు గట్టి ఉదాహరణ. ఫ్యాక్టరీలో రాత్రిపూట పనిచేస్తూ మోజెస్ వేళాకోళానికి ఒక మాట అంటాడు, రాత్రి షిఫ్టు మగవాళ్ళ ఇళ్ళల్లో ఏం జరుగుతుందో అని. అమాయకుడు లూయిస్ అది నమ్మి ఇంటికి వెళ్ళి భార్యను కొడతాడు. మళ్ళీ మళ్ళీ కొడతాడు. ఆమె టాంటీ దగ్గరికి చేరుకుంటుంది, చివరికి మొగుడి మీద ఫిర్యాదు చేస్తుంది. రాత్రి షిఫ్టు మగవాడి నిద్రను దోచుకుంటే, ఆ దోపిడి దెబ్బగా మారి ఆగ్నెస్ ఒంటి మీద పడింది. ఈ గొలుసును రచయిత స్పష్టంగా చూశాడు, చూసి నవ్వించి వదిలేశాడు. టోల్‌రాయ్ తల్లి పెద్ద హోటల్లో గిన్నెలు కడుగుతుంది. ఎంగిలి పళ్ళాల గుట్టలే ఆమె ఎరిగిన లండన్. ఆమె పళ్ళాల వెనకనుంచి చూసిన నగరం మీద రచయిత ఇంకొన్ని పేజీలు ఖర్చు పెట్టి ఉంటే ఈ నవల మరింత పెద్దదయ్యేది, పరిమాణంలోనే కాదు.

మన అభ్యుదయ సాహిత్యంలో కూడా కార్మికుడు అంటే మగవాడు, అతని ఇల్లు అంటే నేపథ్యం అనే ధోరణి చాలాకాలం నడిచింది. అందుచేత సెల్వన్‌ను ఈ విషయంలో తప్పుపట్టేటప్పుడు పక్కవాడి కంట్లో నలుసు వెతుకుతున్నట్టు కాకుండా, మన అల్మారాల్లోని నవలలను కూడా అదే గీటురాయి మీద గీసి చూడాలి.

6

నవలలోని అసలు సాహసం భాషలో ఉంది. సెల్వన్ మొదట దీన్ని ప్రామాణిక ఇంగ్లీషులో రాయబోయి, అది ముందుకు సాగక, కథనమంతా దీవుల వాడుకమాటలోకి మార్చాడు. సంభాషణలు మాత్రమే కాదు, కథ చెప్పే గొంతు కూడా ఆ మాటే మాట్లాడుతుంది. దీని విలువ తెలుగు రచయితకు వెంటనే తెలియాలి. గిడుగు, గురజాడల ఉద్యమం మనకు వాడుకభాషను సంపాదించి పెట్టింది. కాని ఎవరి వాడుక? చదువుకున్న కోస్తావారి వాడుక క్రమంగా 'శిష్ట వ్యావహారికం' అనే పీట మీద కూర్చుంది. దాంతో కథల్లో ఒక విచిత్రమైన పని విభజన వచ్చింది. పాలేరు నోరు విప్పితే మాండలికం, అతని గురించి రచయిత చెబితే ప్రామాణికం. పాత్ర నేల మీద, కథకుడు అరుగు మీద. యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు', నామిని 'పచ్చనాకు సాక్షిగా' వంటివి కథకుణ్ణి అరుగు దించి కూర్చోబెట్టాయి. అయినా బడిలో పిల్లవాడు రాసిన ఇంటిమాట ఇప్పటికీ ఎర్రసిరా పాలవుతూనే ఉంది.

సెల్వన్ చేసిన పనిలో ఇంకొక మెలిక ఉంది. అతని కథకుడు ఏ ఒక్క దీవి మాటనూ అచ్చంగా మాట్లాడడు. జమైకావాడూ, ట్రినిడాడ్‌వాడూ, బార్బడోస్‌వాడూ సొంత గడ్డ మీద ఒకరినొకరు కలుసుకునే అవకాశమే తక్కువ. వాళ్ళంతా ఒక గదిలో కూర్చున్నది లండన్‌లో. ఆ గదిలో అందరికీ అర్థమయ్యేట్టు రచయిత తీర్చిదిద్దుకున్న మాట అది. అంటే అది మూలాలనుంచి మూటగట్టి తెచ్చుకున్న భాష అని మాత్రమే అంటే చాలదు. వలసలో, కలయికలో తయారైన భాష. వలస మనిషి నగరంలో పోగొట్టుకునేవాటి జాబితా రాయటం మనకు బాగా అలవాటు. నగరంలో అతను కొత్తగా తయారు చేసేవాటి జాబితాలో ఈ భాషను మొట్టమొదట రాయాలి. ప్రామాణిక ఇంగ్లీషు నవల అనే దుకాణంలోకి వెళ్ళి, బొమ్మను లెక్కచేయకుండా, మా ఊళ్ళో పద్ధతి ఇది అని సెల్వన్ నిలబడ్డాడు. టాంటీ చేసిన పనికీ ఈ పనికీ చుట్టరికం ఉంది. ఆ చుట్టరికాన్ని అతను గుర్తించి ఉంటే ఆమెకు నవలలో మరింత గౌరవమైన చోటు దొరికి ఉండేది.

7

మన శిబిరంనుంచి ఈ నవల మీద ఒక అభ్యంతరం రావటానికి అవకాశం ఉంది. ఇందులో పోరాటం ఎక్కడ? సంఘం లేదు, సమ్మె లేదు, చైతన్యం లేదు. మోజెస్ ఆవేదన ఆవేదనగానే మిగిలిపోయింది. ఇది నిరాశావాదం కాదా?

అభ్యంతరంలో కొంత నిజం ఉంది. గాలహడ్ తన చేతి రంగుతో మాట్లాడే ఘట్టం ఉంది. ఈ కష్టాలన్నిటికీ కారణం నువ్వే అని ఆ రంగును నిందిస్తాడు. ఆ నింద రంగు దగ్గరే ఆగిపోయింది, రంగును నేరంగా మార్చిన వ్యవస్థ దాకా వెళ్ళలేదు. కాని రచన వచ్చిన కాలాన్ని మరవకూడదు. నాటింగ్ హిల్ ప్రాంతంలో నల్లవాళ్ళ మీద తెల్ల మూకల దాడులు 1958లో జరిగాయి. వెస్ట్ ఇండియన్ల పత్రికను క్లాడియా జోన్స్ స్థాపించింది 1958లోనే. నల్లవాళ్ళకు ఉద్యోగాలివ్వని బ్రిస్టల్ బస్సు కంపెనీని బహిష్కరించి అక్కడి వెస్ట్ ఇండియన్లు గెలిచింది 1963లో. నవల ఇవన్నీ జరగకముందు అచ్చయింది. ఆదివారం పొద్దున మోజెస్ గదిలో చేరిన ఆ మనుషులు సంఘం కాదు, నిజమే. సంఘం కాకముందు మనుషులు ఎలా ఉంటారో ఆ గదిలో కనిపిస్తుంది. ఉద్యమం పుట్టిన తరవాతి రోజు రాయటం కన్నా పుట్టకముందు రోజు రాయటం కష్టం.

తరవాతి చరిత్ర మోజెస్ అనుమానాలను నిజం చేసింది. రమ్మన్న రాజ్యమే 1962లో కామన్‌వెల్త్ వలసదారుల చట్టం చేసి తలుపు దగ్గరికి వేసింది, 1971లో మరో చట్టంతో దాన్ని బిగించింది. ఇక 2018లో బయటపడిన 'విండ్‌రష్' వ్యవహారం చూడండి. చిన్నపిల్లలుగా చట్టబద్ధంగా వచ్చి, అక్కడే పనిచేసి, పన్నులు కట్టి ముసలివాళ్ళయినవారిని కాగితాలు చూపమన్నారు. చూపలేనివారిలో కొందరి ఉద్యోగాలు పోయాయి, కొందరికి వైద్యం అందలేదు, కొందరిని దేశంనుంచే పంపించారు. వాళ్ళ రాకకు సాక్ష్యంగా నిలిచే పాత దిగుడు కార్డులను ప్రభుత్వ శాఖే 2010లో నాశనం చేసి ఉంది! యాభై అరవై సంవత్సరాల కాపురం తరవాత కూడా ఆ మనుషులు కుదురుకున్నట్టు రాజ్యం ఒప్పుకోలేదు. ఉద్యోగాల కార్యాలయం ఫైలు మీది ఆ పొడి అక్షరాల గుర్తు చెరిగిపోలేదని దీనర్థం. ఈ వెలుగులో మళ్ళీ చదివితే థేమ్స్ ఒడ్డున మోజెస్ సంశయాన్ని నిరాశ అని కొట్టిపారేయటానికి చెయ్యాడదు.

8

ఈ నవలనుంచి తెలుగు రచయితలు తీసుకోవలసింది ఏమిటి? లండన్ పొగమంచును తెచ్చి హైదరాబాదు మీద కప్పమని నేననటం లేదు. మన నగరాల చుట్టూ లేస్తున్న అంతస్తుల కింద రేకుల షెడ్లున్నాయి. వాటిలో పాలమూరువాడూ, శ్రీకాకుళంవాడూ, ఒడిశావాడూ, బీహారువాడూ ఒకే కొళాయి దగ్గర బిందెలు పెడుతున్నారు. వాళ్ళ మధ్య ఒక మాట తయారవుతోంది. అది పాలమూరు తెలుగు కాదు, ఉత్తరాంధ్ర తెలుగు కాదు, హిందీ కూడా కాదు. ఆ మాటలో కథ చెప్పే కథకుడు మన నవలలో ఉన్నాడా? 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించిన తరవాత లక్షల మంది నగరాలు వదిలి నడిచి వెళ్ళారు. ఆ నడక మీద మనం చాలా కవితలు రాశాం. రాయవలసిందే. కాని ఎన్నో ఏళ్ళు పనిచేసిన నగరంలో నాలుగు వారాలు అరువిచ్చే దుకాణం ఒక్కటి కూడా వాళ్ళకు ఎందుకు లేకపోయిందో చెప్పే నవల ఇంకా కావాలి.

అలాంటి నవల రాయటానికి కూర్చున్నవారు మోజెస్ గదికి తప్పకుండా వెళ్ళాలి. అక్కడినుంచి హారో రోడ్ దుకాణానికి కూడా వెళ్ళాలి. సెల్వన్ ఆ దుకాణం ముందు నవ్వుతూ నిలబడి వెళ్ళిపోయాడు. మనవాళ్ళు లోపలికి వెళ్ళి, ఆ అరువు ఖాతాలో ఎవరెవరి పేర్లున్నాయో చదవాలి.